శ్రీకాకుళంలో చిన్న పగడాల తొట్టె: ఎంత గాజు, ఏ నీళ్లు, ఎలా చల్లబరచాలి?

"మనకేంటి, సముద్రం ఇంటి పక్కనే ఉంది కదా!" ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టుకోవాలని నన్ను సలహా అడిగే ప్రతివాళ్లూ మొదట అనే మాట ఇది. తొట్టె పెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పొడవైన తీరం మనది, 193 కిలోమీటర్లు. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఎటు వెళ్లినా నీళ్లే. అయినా ఆ పొడవునా పగడపు దిబ్బలు లేవు. అవి మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి, కచ్‌లో ఉన్నాయి, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నాయి. మన దగ్గర లేకపోవడానికి కారణం నదులు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, ఉత్తరాన మహానది, గంగ ఏటా మోసుకొచ్చే మంచినీళ్లూ బురదా కలిసి మన తీరంలో ఉప్పదనాన్ని నిలకడగా ఉండనివ్వవు. పగడానికి కావలసింది ఆ నిలకడే.

అందుకే తొట్టె సైజు, నీళ్లు, చల్లబరిచే పద్ధతి, లోపల పెంచే జీవాలు, ఈ నాలుగింటిలో ఏది ఎంచుకునేటప్పుడైనా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: మే నెల మధ్యాహ్నం, కరెంటు లేని రాత్రి, నేను ఊళ్లో లేని సంక్రాంతి మూడు రోజులు, ఈ మూడింటినీ ఇది తట్టుకుంటుందా?

## ముందు కొలతలు

పగడాలున్న తొట్టెలో ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు, అంటే 35 పీపీటీ దగ్గర ఉండాలి. నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీలు. 29 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తనలో కాపురముండే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. కేహెచ్, అంటే నీటి క్షారత, 8 నుంచి 9, క్యాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు. ఈ అంకెలను ఒకసారి అందుకోవడం ఎవరికైనా వస్తుంది. వాటిని నెలల తరబడి కదలకుండా ఉంచడమే పని.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. అది తెలియకుండా కొనేవాళ్లను చాలామందిని చూశాను, ఆ మాట కింద వివరంగా చెబుతాను.

## ఎంత తొట్టె?

చిన్నదైతే సులువు అనిపిస్తుంది. బల్ల మీద పట్టే 20 లీటర్ల గాజు పెట్టె ముద్దుగా ఉంటుంది, ఖర్చు తక్కువ, అద్దె ఇల్లు మారినా చేత్తో పట్టుకెళ్లిపోవచ్చు. కానీ రాళ్లూ ఇసుకా వేశాక అందులో మిగిలేది 16 లీటర్ల నీళ్లే. వేసవిలో ఫ్యాన్ గాలికి రోజుకు ఒక లీటరు ఆవిరైందనుకోండి. ఉప్పు ఆవిరి కాదు, నీళ్లే పోతాయి. 16 లీటర్లలో ఒకటి పోతే ఉప్పదనం 35 నుంచి 37.3కి ఎగబాకుతుంది. అదే లీటరు 50 లీటర్ల నీటిలోంచి పోతే 35.7 దగ్గర ఆగుతుంది. ఒక్కరోజు లెక్క ఇది. మీరు రెండు రోజులు పెళ్లికి వెళ్తే ఎక్కడికి చేరుతుందో చూసుకోండి.

| | 20 లీటర్లు | 60 లీటర్లు | 120 లీటర్లు |
|---|---|---|---|
| అసలు నీళ్లు | సుమారు 16 లీ. | సుమారు 50 లీ. | సుమారు 100 లీ. |
| ఒక లీటరు ఆవిరైతే ఉప్పదనం | 37.3 | 35.7 | 35.4 |
| వారానికి పదో వంతు మార్చే నీళ్లు | ఒకటిన్నర లీ. | 5 లీ. | 10 లీ. |
| నింపాక బరువు | ఒక్కరే జరపగలరు | నీళ్లు తోడకుండా కదపకూడదు | గట్టి స్టాండు, గట్టి గచ్చు కావాలి |
| చేపలు | వద్దు, రొయ్య, నత్తలు చాలు | చిన్నవి రెండు, మూడు | చిన్నవి నాలుగైదు |
| రెండు రోజులు వదిలి వెళ్లడం | కుదరదు | ఏర్పాటు చేసుకుంటే కుదురుతుంది | కుదురుతుంది |

నా ఓటు 60 లీటర్లకు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న గాజు తొట్టె. వారానికి ఐదు లీటర్లంటే ఒక చిన్న బకెట్టు, ఆదివారం పొద్దున టీ తాగేలోపు అయిపోయే పని. 120 లీటర్లు ఇంకా నిలకడగా ఉంటుందన్నది నిజమే, కానీ దాన్ని చల్లబరచాలంటే ఫ్యాన్ చాలదు, నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొనక తప్పదు. చిల్లర్ కొనే స్తోమత, సొంత ఇల్లు, కింద అంతస్తు మూడూ ఉన్నవాళ్లకు అది మంచిది. 20 లీటర్లది మాత్రం, ఉప్పునీటి తొట్టె మూడు నాలుగేళ్లు నడిపి చెయ్యి తిరిగినవాళ్లే పెట్టుకోవాలి. కొత్తవాళ్లకు మొదటి మెట్టుగా దాన్ని అంటగట్టే దుకాణాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ తొట్టెలో తప్పు దిద్దుకోవడానికి ఒక పూట కూడా గడువు దొరకదు.

## నీళ్లు: కళింగపట్నం క్యానా, ఉప్పు పొట్లమా?

మన ఊళ్లో వేరే ఊళ్లవాళ్లకు లేని వెసులుబాటు ఒకటుంది. శ్రీకాకుళం నుంచి బండి వేసుకుని వెళ్తే గంటలో సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చు. విజయనగరం వాళ్లకు చింతపల్లి ఉంది. రొయ్యల హేచరీలన్నీ నడిచేది ఆ నీళ్లతోనే కదా. మరి ఎందుకు వద్దంటాను?

పూర్తిగా వద్దనను. కానీ ఎప్పుడు తెస్తున్నారు, ఎక్కడ తెస్తున్నారు అన్నదే అంతా. కళింగపట్నంలో వంశధార కలుస్తుంది, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ. మొగ దగ్గర నీళ్లు తెస్తే అది సగం నది. వానాకాలం నుంచి కార్తీకం దాకా మొగకు దూరంగా తెచ్చినా మన తీరంలో ఉప్పదనం 30 కిందికి పడిపోతుంటుంది, ఎందుకంటే ఉత్తరాన పెద్ద నదులు వదిలిన మంచినీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా మెరుగు. అప్పుడు కూడా నది మొగలకు, జెట్టీలకు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోట్లకు బాగా దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు తేవాలి. తెచ్చాక వడకట్టి, మూత పెట్టిన డ్రమ్ములో చీకట్లో కొన్నాళ్లు తేరనివ్వాలి, గాలి పంపు పెట్టి తిప్పాలి, రిఫ్రాక్టోమీటరుతో ఉప్పదనం కొలవాలి, తక్కువుంటే ఉప్పు కలపాలి. హేచరీలో ఈ పనికి మనుషులుంటారు. ఇంట్లో ఉండేది మీరొక్కరే.

రెండో దారి, ఆర్‌ఓ నీటిలో అక్వేరియం ఉప్పు కలపడం. లీటరుకు దాదాపు 37 గ్రాములు. యాభై లీటర్లకు రెండు కిలోల లోపు. ఆ తర్వాత వారానికి ఐదు లీటర్ల చొప్పున నెలకు ముప్పావు కిలో దాకా, ఏడాదికి తొమ్మిది, పది కిలోలు. చిన్న తొట్టెకు సముద్రపు నీళ్లతో మిగిలేది ఇంతే. దానికోసం ప్రతి నెలా క్యాన్లు మోయడం, అక్టోబరులో ఏ నీళ్లొచ్చాయో తెలియక కంగారుపడడం నాకు గిట్టుబాటనిపించలేదు. 120 లీటర్లు దాటినవాళ్లు, హేచరీలో పనిచేసే బంధువున్నవాళ్లు వేసవిలో సముద్రపు నీళ్లు వాడుకోవచ్చు.

ఇక నౌపాడ ఉప్పు. "మన జిల్లాలోనే ఉప్పు పండుతుంటే పైనుంచి కొనడమేంటి?" అని పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇది. మడిలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు క్యాల్షియం ముందే సున్నంగా, జిప్సంగా అడుగున పేరుకుపోతుంది. ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదు నీటిని పారబోస్తారు, మెగ్నీషియం అంతా అందులో పోతుంది. చేతికొచ్చేది కూరలోకి మేలైన సోడియం క్లోరైడు. పగడం ఎముకకు, పెంకుకు కావలసినవి ఆ దారిలోనే పోయాయి. అయొడైజ్డ్ ప్యాకెట్టూ అంతే.

కలిపే నీళ్ల మీద ఒక మాట. ఇంట్లో ఆర్‌ఓ మిషను రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతుంది, వీధిలో వచ్చే టిన్ను నీళ్లు కూడా అలాగే ఉంటాయి. తొట్టెకు కలిపే నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న పదార్థాలు, సున్నా ఉండాలి. మెకానిక్‌ను అడిగి, ఆ ఖనిజాల క్యాట్రిడ్జికి ముందే ఒక గొట్టం తీయించి, మిగిలిన ఖనిజాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఫిల్టరు ఒకటి కలిపించుకోండి. బోరు నీళ్లు నేరుగా పోస్తే గాజుకు, రాళ్లకు గోధుమరంగు నాచు పొర పడుతుంది, ఎంత రుద్దినా మళ్లీ వస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం వద్దు, రాగి తీగచుట్టల మీదుగా వస్తాయవి. రాగి రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది.

ఇసుక కూడా బీచి నుంచి తేకండి. భావనపాడు, కళింగపట్నం ఇసుకలో నల్ల రేణువులు మీరు చూసే ఉంటారు. వాటిలో ఇనుము ఉన్న ఖనిజాలుంటాయి. గాజు తుడిచే అయస్కాంతానికి అంటుకుని తొట్టెను గీరేస్తాయి. సున్నపు ఇసుక, అరగొనైట్ అని అడిగి కొనండి.

## చల్లబరచడం: మన జిల్లాలో అసలు పరీక్ష

లైట్లు, ఫిల్టర్లు, నురగతో మురికిని లాగే స్కిమ్మర్ల గురించి జనం గంటలు గంటలు మాట్లాడుకుంటారు. మెత్తటి పగడాలకు మామూలు రీఫ్ ఎల్‌ఈడీ ఏదైనా చాలు. 60 లీటర్లకు స్కిమ్మర్ అవసరమే లేదు, వారం వారం నీళ్లు మారిస్తే సరి. డబ్బూ శ్రద్ధా ఇక్కడ, వేడి మీద పెట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో శ్లాబు కింద గది మధ్యాహ్నానికి 34 డిగ్రీలు తేలిగ్గా చేరుతుంది. తొట్టెలో పంపు, లైటు వేడి కలిసి నీళ్లు గదికంటే ఒక డిగ్రీ పైనే ఉంటాయి.

| | ఫ్యాన్ | చిల్లర్ | గది ఏసీ |
|---|---|---|---|
| ఎంత దించుతుంది | మా ఇంట్లో 2, 3 డిగ్రీలు | పెట్టిన అంకె దాకా | గది ఎంత ఉంటే దాదాపు అంత |
| కరెంటు | నామమాత్రం | 150 వాట్లది పది గంటలు తిరిగితే రోజుకు ఒకటిన్నర యూనిట్లు | అన్నిటికన్నా ఎక్కువ |
| చిక్కు | ఆవిరి పెరుగుతుంది, ఉక్కపోత రోజు పనిచేయదు | వేడిని అదే గదిలోకి వదులుతుంది, చప్పుడు | పగలు ఆపితే రోజూ వేడి ఎగుడుదిగుడు |
| కరెంటు పోతే | చిన్న ఇన్వర్టరు చాలు | మామూలు ఇన్వర్టరు మీద నడవదనుకోండి | ఆగిపోతుంది |

ఫ్యాన్ చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కావడానికి చోటుండదు. అందుకే హైదరాబాదు వాళ్లు చెప్పే "ఫ్యాన్ పెడితే నాలుగైదు డిగ్రీలు దిగింది" అన్న మాట మన తీరానికి పనిచేయదు. గది 34 ఉంటే ఫ్యాన్‌తో మీకు దక్కేది 32. పగడానికి అది చాలదు.

కాబట్టి ముందు గదిని ఎంచుకోండి. తూర్పు వైపో ఉత్తరం వైపో, కింద అంతస్తులో, ఎండ గోడకు తగలని గది. వేసవిలో లైటును పగలు ఆపేసి సాయంత్రం 6 నుంచి రాత్రి 1 దాకా వెలిగించండి, పగడానికి పగలు ఎప్పుడొచ్చినా ఒకటే. వారం రోజులు ఖాళీ బకెట్టులో నీళ్లు పోసి ఆ గదిలో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి వేడి కొలిచి రాసుకోండి. బకెట్టు 31 దాటకపోతే ఫ్యాన్‌తో నెట్టుకురావచ్చు. 33 దాటితే చిల్లరైనా పెట్టాలి, పగడాల ఆలోచనైనా మానుకోవాలి. మధ్యలో ఉంటే చేపలూ రొయ్యలూ ఉన్న తొట్టె పెట్టండి, ఓసెల్లారిస్ క్లౌన్ చేప 30 డిగ్రీలను ఓర్చుకోగలదు.

ఐసు సీసాలు వేసే పద్ధతి అత్యవసరానికే. అర లీటరు గడ్డకట్టిన సీసా 50 లీటర్ల నీటిని దాదాపు ఒక డిగ్రీ దించుతుంది. అదే సీసా 16 లీటర్ల తొట్టెలో వేస్తే మూడు డిగ్రీలకు పైగా ఒక్కసారిగా పడిపోతుంది. ఎండ కన్నా ఆ కుదుపే ఎక్కువ చేటు చేస్తుంది.

ఇక తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఆ వైపు ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పలాసలో మా బావ తొట్టె అప్పుడే పోయింది. చేపలను చంపింది ఆకలి కాదు, వేడీ కాదు. నీరు కదలక ఊపిరాడలేదు. 10 వాట్ల పంపును 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టరు బ్యాటరీ ఒక రోజంతా మోస్తుంది, ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ దానిమీద వేయకపోతే. ఆ పైన బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, ఛార్జి చేసుకునే పవర్‌బ్యాంకు ఒకటి సెప్టెంబరులోనే కొని పక్కన పెట్టండి.

## లోపల ఏం పెంచాలి?

ఇక్కడ చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో గట్టి పగడాలన్నీ ఉన్నాయి. 2001లో చేర్చారు. నల్ల పగడం, అగ్ని పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా రక్షణలోకి వచ్చాయి. దిబ్బ నుంచి తవ్వి తెచ్చిన, సముద్ర జీవాలు అంటుకున్న 'బతికున్న రాయి'లో గట్టి పగడం అంటుకునే ఉంటుంది. కాబట్టి కొమ్ములు కొమ్ములుగా రంగురంగుల గట్టి పగడాల తొట్టెను వీడియోల్లో చూసి మనసు పడ్డవాళ్లు, ఆ కోరికను ఇక్కడే వదులుకోవాలి. దుకాణంవాడు "ఏమీ కాదు సార్" అన్నా సరే. నేరమన్న భయం ఒక్కటే చాలు, దానికి తోడు మిగిలిన కొద్ది దిబ్బలను మన చేత్తో ఖాళీ చేయకూడదన్న బాధ్యత నాకు ఎక్కువగా తోస్తుంది.

మిగిలేవి మూడు దారులు.

చేపలూ పొడి రాళ్లూ ఉన్న తొట్టె మొదటిది. మనిషి చేసిన రాయో, గనిలో తవ్విన పాత సున్నపురాయో వేసి, ఒక జత క్లౌన్ చేపలు, ఒక చిన్న గోబీ చేప, శుభ్రం చేసే రొయ్య, నాలుగు నత్తలు పెట్టుకోవచ్చు. క్లౌన్ చేపలను పిల్ల దశ నుంచి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించింది. హేచరీలో పుట్టినవే అడిగి కొనండి, అవి తొట్టెకు, మేతకు అలవాటుపడి ఉంటాయి. పిల్లలున్న ఇంటికి నేను చెప్పేది ఇదే. పిల్లలు నీలి ట్యాంగ్ చేప కూడా అడుగుతారు, కొనకండి. అది అడుగు పొడవు దాకా పెరుగుతుంది.

రెండోది మెత్తటి జీవాల తొట్టె. పుట్టగొడుగు పగడం, తోలు పగడం, జీనియా, జోవాంథిడ్. గాలికి ఊగే చేమంతి మడిలా ఉంటుంది. చిన్న తప్పులను ఓర్చుకుంటాయి, కొద్ది రోజులు 29 డిగ్రీలు తాకినా నిలబడతాయి. ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు మీద రాయించుకోండి. జోవాంథిడ్‌లలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా కోయకండి. వాటితో ఉన్న రాయిని వేడినీళ్లలో ఎప్పుడూ ఉడికించకండి, ఆ ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రిపాలయ్యారు. చిన్నపిల్లలు చెయ్యి పెట్టే ఇంట్లో పుట్టగొడుగు పగడంతో సరిపెట్టుకోండి, అందంలో ఏమీ తక్కువ కాదు.

మూడోది ఎవరూ చెప్పనిది, సముద్రపు ఆకుల తొట్టె. కాలెర్పా లాంటి పచ్చటి సముద్రపు నాచులు, రెండు రొయ్యలు, నత్తలు. పగడాలంత కచ్చితమైన అంకెలు అక్కర్లేదు. అద్దె గదిలో ఉండే ఉద్యోగులకు ఇది బాగుంటుంది. ఊరు మారేటప్పుడు తీసేసిన ఆకులను ఎండబెట్టి చెత్తలో వేయండి, నాగావళిలోనో సముద్రంలోనో వదలకండి.

## ఎవరికి ఏది?

టీచరు ఉద్యోగమై దసరాకు, సంక్రాంతికి ఊరెళ్లే ఇల్లయితే 60 లీటర్లు, పుట్టగొడుగు పగడాలు, ఆటో టాప్‌అప్ (మట్టం తగ్గగానే తేలే బుడగ సాయంతో ఆర్‌ఓ నీళ్లు తానే పోసే ఏర్పాటు). ఆ టాప్‌అప్ డబ్బాలో మూడు లీటర్లకు మించి నీళ్లు పోయకండి. తేలే బుడగ ఇరుక్కుని మొత్తం ఒలికినా 50 లీటర్ల ఉప్పదనం 33కే దిగుతుంది, ఏదీ చావదు. పది లీటర్లు పోసి వెళ్తే 29కి పడుతుంది.

పై అంతస్తు, శ్లాబు వేడి, చిల్లర్ కొనలేం అంటే చేపల తొట్టె, లేకపోతే ఆకుల తొట్టె. సొంత ఇల్లు, చల్లటి గది, రోజుకు పావుగంట ఓపిక ఉంటే మెత్తటి పగడాలు. ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండేవాళ్లకు ఉప్పునీటి తొట్టె ఏదీ నేను చెప్పను, మంచినీటి మొక్కల తొట్టె పెట్టుకోండి, అది మీకోసం ఆగుతుంది.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

వేసవి సెలవుల్లో ఖాళీ దొరికిందని ఏప్రిల్‌లో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అది అన్నిటికన్నా చెడ్డ నెల. నేనైతే నవంబరు రెండో పక్షంలో తొట్టె, పొడి రాళ్లు, ఉప్పునీళ్లు పెట్టి అమ్మోనియా చక్రం, అంటే అమ్మోనియాను, నైట్రైట్‌ను మార్చేసే బ్యాక్టీరియా తొట్టెలో స్థిరపడడం, మొదలుపెడతాను. దానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటికి లోపల ప్రాణి ఏదీ ఉండదు కాబట్టి ఆలస్యంగా తుపాను వచ్చినా పోయేదేమీ లేదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక సంక్రాంతి వెళ్లిన వారం రెండు క్లౌన్ చేపలు. విశాఖ నుంచి తెచ్చేటప్పుడు తెల్లవారుజామున బయలుదేరండి, సంచులను థర్మాకోల్ పెట్టెలో పెట్టి మూత వేయండి. శివరాత్రికి మొదటి పుట్టగొడుగు పగడం, ఒక్కటే. ఉగాదికి ఫ్యాన్ బిగించి, లైటు వేళలు సాయంత్రానికి మార్చి, గాజు మీద నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. ఆ టేపుకు నీళ్లు ఎంత దిగాయో పొద్దునా సాయంత్రం చూసి, దిగినంత మంచి ఆర్‌ఓ నీళ్లు మగ్గుతో పోస్తూ ఉంటే, మే వచ్చేసరికి మీ ఇంట్లో రోజుకు ఎన్ని మగ్గులు ఆవిరవుతాయో మీకు కంఠతా వచ్చి ఉంటుంది.